నీడ ఇచ్చే ఇల్లు చల్లగా కూడా ఉండాలి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

“ఇంజనీరువి కదా, ఊరికి పనికొచ్చే మాట ఏదైనా చెప్పు” అన్నారు మన సంఘం కార్యదర్శి గారు. పేదలకోసం ప్రభుత్వం కట్టించే ఇళ్ళ గురించి, ఆ ఇళ్ళలో వేడి గురించి, ఆ వేడివల్ల పెరిగే కరెంటు బిల్లు గురించి మాట్లాడదామని వచ్చాను. ఈ సభలో రేవులో పనిచేసినవాళ్ళున్నారు, స్టీల్ ప్లాంటులో రిటైరైనవాళ్ళున్నారు, కాంట్రాక్టర్లున్నారు, విద్యుత్ శాఖ, కార్పొరేషన్ ఉద్యోగులున్నారు. మాస్టార్లకైతే ఆ కాలనీల నుంచి వచ్చే పిల్లలు రోజూ కళ్ళెదుటే ఉంటారు. అందుకే ఈ విషయం చెప్పడానికి ఇంతకన్నా మంచి సభ నాకు దొరకదు.

ముందు మన రాష్ట్రంలో ఏం జరిగిందో రెండు ముక్కల్లో చెప్తాను. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం 2015 జూన్ 25న మొదలైంది. దాని కింద టిడ్కో సంస్థ మన పట్టణాల్లో 300, 365, 430 చదరపు అడుగుల కొలతల్లో బహుళ అంతస్తుల ఇళ్ళు కట్టింది. ఆ తర్వాత 2020 డిసెంబరు 25న ‘పేదలందరికీ ఇళ్ళు’ కార్యక్రమం మొదలైంది. పట్టణాల్లో ఒక సెంటు, పల్లెల్లో సెంటున్నర స్థలం, ఇంటికి లక్షా 80 వేల రూపాయల యూనిట్ ధర. తొలి దశలో తలపెట్టినవే 15 లక్షలకు పైగా ఇళ్ళు. మన నగరంలోని పేదలకోసం సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో 2022 ఏప్రిల్ 28న పట్టాలు పంచారు. ప్రభుత్వాలు మారతాయి, పథకాల పేర్లు మారతాయి. ఇల్లు మాత్రం ఒకసారి కడితే నలభై యాభై ఏళ్ళు అక్కడే ఉంటుంది. దానిలో మనం పెట్టిన మంచీ చెడూ కూడా అన్నేళ్ళూ ఉంటాయి.

ఇక వేడి సంగతి. ఒక సెంటు స్థలంలో కట్టిన ఇంటి కప్పు సుమారు 30 చదరపు మీటర్లు అనుకుందాం. పైన నాలుగైదు అంగుళాల కాంక్రీటు స్లాబు, దాని మీద ఏమీ లేదు. వేసవి మధ్యాహ్నం ఎండలో ఆ స్లాబు పై ముఖం 60 డిగ్రీల దాకా కాగుతుంది. మన ఫిజిక్స్ మాస్టారు నేర్పిన ఉష్ణవహన సూత్రం ఇక్కడ పెట్టి చూడండి. ఉత్త స్లాబులోంచి ఒక్కో చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు, దాదాపు 4 వాట్ల వేడి దిగుతుంది. పైకీ కిందికీ 25 డిగ్రీల తేడా ఉంటే 4 ఇంటూ 25 ఇంటూ 30, అంటే 3,000 వాట్లు. ఇస్త్రీ పెట్టెలు మూడింటిని ఇంటి కప్పుకు లోపలివైపు బిగించి స్విచ్చి వేసినట్టు లెక్క. ఆ కింద ఫ్యాను తిరిగితే అది వేడిగాలినే మనమీదకు తోస్తుంది. పైగా కాంక్రీటు పగలు తాగిన వేడిని వెంటనే వదలదు, రాత్రి పది దాటేదాకా కక్కుతూనే ఉంటుంది.

నాలుగంతస్తుల బ్లాకులో ఈ బాధ అందరికీ సమానంగా ఉండదు. కింది మూడు అంతస్తులవాళ్ళకు పైవాళ్ళ ఇల్లే గొడుగు. లాటరీలో పై అంతస్తు వచ్చినవాళ్ళకే స్లాబు నెత్తిమీద ఉంటుంది. మన ఊరి సంగతి ఇంకొకటి ఉంది. ఇది షిఫ్టుల ఊరు. సి-షిఫ్టు చేసి ఉదయం ఇంటికొచ్చిన కాంట్రాక్టు కార్మికుడు పడుకోవలసింది పగలే. పదకొండు గంటల నుంచి కాగే స్లాబు కింద అతనికి నిద్ర పట్టదు. ఆ నిద్రలేని మనిషే మళ్ళీ రాత్రికి క్రేన్ కిందో, కన్వేయర్ పక్కనో నిలబడాలి. ఇంట్లో వేడి ప్లాంటులో భద్రతకు కూడా సంబంధించిందే అని స్టీల్ ప్లాంటు మిత్రులకు నేను వేరే చెప్పనక్కర్లేదు.

మన తాతలు దీన్ని ఎలా దాటారు? మన తీరం వెంట బెస్తపల్లెల్లో చుట్టిళ్ళుండేవి. గుండ్రటి మట్టిగోడ, దాదాపు నేలదాకా దిగే తాటాకు కప్పు. గుండ్రంగా ఉండటంవల్ల గాలివాన ఒకేచోట గుద్దేది కాదు. గోడమీద ఎండ పడేది కాదు, మందపాటి ఆకు కప్పులోంచి వేడి దిగేది కాదు. పెంకుటిళ్ళలో కూడా ఎత్తైన కప్పు, పెంకుల సందుల్లోంచి వేడిగాలి పైకి పోయే దారి ఉండేవి. అయితే పాకలు మళ్ళీ కట్టుకుందామని నేను అనడం లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళెవరూ ఆ మాట అనరు. అగ్ని ప్రమాదం, ఏటేటా ఆకు మార్చే ఖర్చు సరేసరి. గట్టి స్లాబు కావలసిందే. పాత ఇల్లు చేసిన ఒక పనిని కొత్త ఇల్లు కూడా చెయ్యాలి, అంతే. గాలివానకు నిలబడే ఇల్లు ఎండకు కూడా నిలబడాలి.

దీనికి దేశంలో ఒక నియమావళి ఉంది. దాని పేరు ఎకో నివాస్ సంహిత. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018 డిసెంబరులో దాని మొదటి భాగాన్ని విడుదల చేసింది. 2011లో మొదలైన భారత–స్విట్జర్లాండ్ భవన ఇంధన సామర్థ్య ప్రాజెక్టు దీని తయారీకి సాంకేతిక సాయం చేసింది. మన రాష్ట్రంలో గృహనిర్మాణ శాఖ, రాష్ట్ర ఇంధన పొదుపు మిషన్ కలిసి కొత్త కాలనీల్లో ఈ పద్ధతులు తీసుకురావాలని తలపెట్టాయి. సంహితలో చాలా ఉన్నాయి, నేను మూడే చెప్తాను. కప్పు, కిటికీ, గోడ.

కప్పు: ఇందాక ఉత్త స్లాబులోంచి 4 వాట్లు దిగుతుందన్నాను కదా, సంహిత ప్రకారం అది 1.2 దాటకూడదు. స్లాబు మీద ఒక అంగుళం మందాన మంచి ఫోమ్ షీటు పరిచి, పైన టైల్సు వేస్తే అది సుమారు 1కి వస్తుంది. అప్పుడు మన మూడు ఇస్త్రీ పెట్టెల్లో ఒకటి కూడా పూర్తిగా మిగలదు. అంత డబ్బు లేదంటారా? స్లాబుకు తెల్లరంగు వెయ్యండి. ఉత్త కాంక్రీటు ఎండలో మూడింట రెండు వంతులు తాగేస్తుంది. తెల్లటి కప్పు మూడో వంతు కూడా తాగదు. లోపలికి దిగే వేడి సుమారు సగానికి తగ్గుతుంది. పక్కనే తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని పైకప్పుల విధానమే ప్రకటించింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. మన ఊళ్ళో వానలకు, సముద్రపు తేమకు తెల్లటి స్లాబు మీద పాచి పట్టి నల్లబడుతుంది. నల్లబడితే పని చెయ్యదు. అందుకని ఏటా వేసవి ముందు తోమి, కడిగి, మళ్ళీ పూత వెయ్యాలి. పండక్కి గోడలకు సున్నం వేసుకోవడం మనకు అలవాటే. ఎండ ఎక్కువగా పడేది గోడమీద కాదు, కప్పుమీద. అదే చేత్తో కప్పుకూ రెండు పూతలు వేసుకుంటే చాలు.

కిటికీ: విశాఖది ఉక్కపోత వాతావరణం. సంహిత మనల్ని వేడి, తేమ ఉన్న మండలంలో వేసింది. ఈ మండలంలో చెమట ఆరాలంటే గాలి కదలాలి. అందుకే ఇంటి లోపలి వైశాల్యంలో 16.66 శాతం, అంటే ఆరో వంతు, బయటి గాలికి తెరుచుకోవాలని నియమం. 300 చదరపు అడుగుల ఇంటికి 50 అడుగులు. నాలుగడుగుల చదరపు కిటికీలు రెండు పెట్టారనుకోండి, మొత్తం 32 అడుగులు. అవి పక్కకు జరిపే కిటికీలైతే సగమే తెరుచుకుంటాయి, 16 అడుగులు. బయటికి తెరుచుకునే తలుపు మరో 20. మొత్తం 36, నియమానికి చాలదు. అదే కిటికీలకు బందులు పెట్టి రెక్కలు తెరుచుకునేలా చేస్తే 29 అడుగులు తెరుచుకుంటాయి. తలుపుతో కలిపి 49, దాదాపు సరిపోయింది. గోడలో కంత అదే, కిటికీ కొలత అదే. రెక్క తిరిగే పద్ధతి మారింది, అంతే. గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో స్మార్ట్ ఘర్-3 అని ఆవాస్ యోజన కింద కట్టిన 1,176 ఇళ్ళలో ఇలాంటి చిన్న మార్పులే చేశారు. రెక్కల కిటికీలు పెట్టారు, గోడలు మార్చారు, బ్లాకు మధ్యలో ఉన్న పైపుల షాఫ్టునే గాలి పోయే గొట్టంలా వాడుకున్నారు.

మన ఊళ్ళో కిటికీ దగ్గర రెండు చిక్కులున్నాయి. ఒకటి వాస్తు. వేసవిలో మనకు గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. నైరుతి మూల బరువుగా, మూసి ఉంచాలంటారు. సరే, మూల మూసుకోండి. ఆ మూలకు దూరంగా దక్షిణపు గోడలో ఒక కిటికీ, ఎదురుగా ఉత్తరం గోడలో ఒక కిటికీ, దక్షిణం కిటికీకి రెండడుగుల సన్‌షేడ్ ఉంటే గాలి ఇంటిని దాటుకుంటూ పోతుంది. ఒకే గోడకు కిటికీలన్నీ పెడితే గాలి గుమ్మందాకా వచ్చి వెనక్కి పోతుంది.

రెండోది దుమ్ము. పాతనగరంలోను, రేవుకీ ఫ్యాక్టరీలకీ దగ్గరగా ఉన్న పేటల్లోను వేలితో రాస్తే కిటికీ గట్టు నల్లగా వస్తుంది. అక్కడి ఇల్లాలు కిటికీ ఎందుకు మూసుకుంటుందో ఏ నియమావళీ అడగదు. గాలి లోపలికి రావాలంటే బయట గాలి శుభ్రంగా ఉండాలి. బొగ్గు గుట్టల మీద నీళ్ళు చల్లడం, లారీల మీద టార్పాలిన్లు కట్టడం, మధ్యలో చెట్ల వరసలు పెంచడం వంటి పనుల్ని కాలుష్య నియంత్రణ అంటాం. నా దృష్టిలో అవి ఇళ్ళలో కరెంటు పొదుపు పనులు కూడా. కిటికీ మూసుకుంటే మిగిలేది ఫ్యాను, డబ్బుంటే ఏసీ.

గోడ: టిడ్కో ఇళ్ళను షియర్ వాల్ పద్ధతిలో కట్టారు. అల్యూమినియం ఫ్రేములు బిగించి గోడ, స్లాబు అన్నీ ఒకేసారి కాంక్రీటు పోస్తారు. పని వేగంగా అవుతుంది, గాలివానకు, భూకంపానికి గట్టి. వేడి విషయంలో మాత్రం కాంక్రీటు గోడ, తొమ్మిదంగుళాల ఇటుక గోడకన్నా దాదాపు రెట్టింపు వేడిని లోపలికి పంపుతుంది. కట్టేసిన ఇంటి గోడ మార్చలేం. పడమటి గోడకు లేత రంగు వెయ్యగలం, సన్‌షేడ్లు చేర్చగలం, పడమట వేపనో కానుగనో నాటగలం. కొత్తగా కట్టే ఇళ్ళకు ఏఏసీ బ్లాకులున్నాయి. లోపల గాలి బుడగలుండటంవల్ల అవి వేడిని బాగా ఆపుతాయి. బూడిద ఇటుక సంగతి కూడా చెప్పాలి. పరవాడ సింహాద్రి ప్లాంటు నుంచి బూడిద, స్టీల్ ప్లాంటు కొలిమి నుంచి స్లాగు మనకు దగ్గర్లోనే దొరుకుతాయి. వాటితో ఇటుక, సిమెంటు తయారైతే బట్టీల్లో, సిమెంటు కొలిముల్లో కాలే బొగ్గు మిగులుతుంది. అది మంచిదే. కాని బూడిద ఇటుక మామూలు ఇటుకకన్నా ఇంటిని చల్లగా ఉంచుతుందని మాత్రం అనుకోవద్దు. రెండు లాభాల్నీ ఒకటిగా కలిపేస్తే కప్పు సంగతి మరిచిపోతాం.

ఇప్పుడు ఫ్యాను. ప్రభుత్వం కొత్త కాలనీల్లో ఇంటికి 4 ఎల్ఈడీ బల్బులు, 2 ఎల్ఈడీ ట్యూబ్‌లైట్లు, 2 తక్కువ కరెంటు ఫ్యాన్లు ఇప్పించాలని ఈఈఎస్ఎల్ సంస్థతో ఒప్పందానికి వచ్చింది. ఎల్ఈడీ గురించి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. హుద్‌హుద్ తర్వాత ఈ నగరంలో 90 వేలకు పైగా వీధి దీపాలు ఎల్ఈడీకి మారాయి. ఫ్యాను సంగతి మాత్రం చాలామందికి తెలియదు. మామూలు ఫ్యాను 75 వాట్లు తింటుంది. బీఎల్‌డీసీ ఫ్యాను అదే గాలి ఇచ్చి 30 వాట్లు తింటుంది. రెండు ఫ్యాన్లు రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 40 యూనిట్ల తేడా.

40 యూనిట్లంటే ఎంత డబ్బు? 2022లో వచ్చిన గృహ స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50. నెలకు 120 యూనిట్లు వాడే ఇంటికి కరెంటు ఛార్జీ రూ.394.50. అదే 80 యూనిట్లకు రూ.214.50. తేడా 180 రూపాయలు. పొదుపు చేసిన యూనిట్లు పై స్లాబులోంచి పోతాయి కాబట్టి పేదవాడి సంచికి లాభం ఎక్కువ. రెండు ఫ్యాన్లకు అదనంగా రెండున్నర వేలు పెట్టినా పద్నాలుగు నెలల్లో తిరిగొస్తుంది. లక్ష ఇళ్ళలో ఇలా చేస్తే ఏడాదికి సుమారు 4 కోట్ల 80 లక్షల యూనిట్లు. సింహాద్రిలో ఒక 500 మెగావాట్ల యూనిట్ నాలుగు రోజులు పూర్తిగా నడిస్తే వచ్చే కరెంటు అది. ప్లాంటుకు అది చిన్న సంఖ్య. ఆ 180 రూపాయలు గ్యాసు బండకో, పిల్లల పుస్తకాలకో చూసుకునే ఇంటికి చిన్న సంఖ్య కాదు.

కప్పుమీద సౌర పలకల గురించి కూడా అడుగుతారు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్లకు 60 వేల రూపాయల కేంద్ర సబ్సిడీ ఉంది. పలకలు స్లాబుకు నీడ కూడా ఇస్తాయి. మంచిదే. కాని కారే కుండకు ముందు చిల్లు పూడ్చాలి, తర్వాత నీళ్ళు పొయ్యాలి.

ఇన్ని సులువైన మార్గాలున్నా ఎందుకు జరగడం లేదు? నా ఉద్దేశంలో కారణం ఒకటే. ఇల్లు కట్టే ఖర్చు ఒక ఖాతాలో ఉంటుంది, ఆ ఇంట్లో బతికే ఖర్చు ఇంకో ఖాతాలో ఉంటుంది. ఎస్టిమేట్ వేసే ఇంజనీరుకు యూనిట్ ధర దాటకూడదు. కాంట్రాక్టరుకు బిల్లు పాసవ్వాలి. లక్షా 80 వేలలో పునాదీ స్లాబూ పూర్తయ్యేసరికే లబ్ధిదారు అప్పు చేసి ఉంటాడు. కప్పుమీద ఫోమ్ షీటు అంటే ‘ముందు ఇల్లు కానివ్వండి, చల్లదనం తర్వాత’ అంటారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. ఇల్లు లేనివాడికి వేడి ఇల్లయినా ఇల్లే. కాని స్లాబు వేసే రోజున ఎస్టిమేట్‌లో చేరని పని ఆ తర్వాత నలభై ఏళ్ళలో చేరడం చాలా అరుదు. అందుకని కప్పు తెల్లపూత, రెక్కల కిటికీ, కప్పు మందం ఈ మూడూ ‘వీలైతే’ అనే జాబితాలోంచి తీసి, సిమెంటు, ఇనుము రాసే అదే షెడ్యూలులో రాయాలి. రాసినదానికే కొలత ఉంటుంది, కొలత ఉన్నదానికే తనిఖీ ఉంటుంది.

మన స్టీల్ ప్లాంటునే చూడండి. వెయ్యి డిగ్రీల దగ్గరున్న కోక్‌ను నీళ్ళు పోసి ఆర్పకుండా నైట్రోజన్‌తో చల్లార్చి, ఆ వేడితో ఆవిరి, కరెంటు తీసే పద్ధతిని దేశంలో మొదట తెచ్చింది మన ఊరే. అది డిజైన్‌లోనే ఉంది కాబట్టి సాధ్యమైంది. పొయ్యి కట్టేశాక చేర్చలేదు. కొలిమి వేడికి లెక్క చూసిన ఊరు, కార్మికుడి ఇంటి వేడికి లెక్క చూడలేదా?

చివరగా మనం ఏం చెయ్యగలమో మూడు మాటలు. మొదటిది, మన బడి పై అంతస్తు తరగతుల స్లాబుకు ఈ వేసవి ముందే తెల్లపూత వేద్దాం. సగం స్లాబుకు వేసి, సగం వదిలేసి, రెండు గదుల్లో రెండు థర్మామీటర్లు పెడదాం. తొమ్మిదో తరగతి పిల్లలు గంటగంటకూ రాసి గ్రాఫు గీస్తారు. మాస్టారూ, అంతకన్నా మంచి ఫిజిక్స్ ప్రాక్టికల్ ఉంటుందా? రెండోది, మనలో కాంట్రాక్టర్లు, ఇంజనీర్లు, మేస్త్రీలతో పనిచేసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు నెలకో ఆదివారం ఒక కాలనీకి వెళ్ళి, ఇల్లు ఇంకా పూర్తికానివాళ్ళకు కిటికీ ఎక్కడ పెట్టాలో, రెక్క ఎలా ఉండాలో చెప్పాలి. లింటెల్ వెయ్యకముందు చెప్పిన మాటకు ఖర్చుండదు. మూడోది, పై అంతస్తు కుటుంబాలకు ఏటా పూత సాయం చెయ్యడానికి సంఘం తరఫున ఒక చిన్న నిధి ఉంచుదాం. దానికి నావంతు ఈరోజే కోశాధికారి గారికి ఇస్తున్నాను.

ఆ థర్మామీటర్లలో ఎంత తేడా వచ్చినా, రెండు డిగ్రీలే వచ్చినా, పిల్లలు రాసినది రాసినట్టుగా వచ్చే ఏడాది ఇదే వేదిక మీద చదివిద్దాం. ఆ కాగితాన్ని గృహనిర్మాణ శాఖ ఇంజనీరు గారికి కూడా పంపిద్దాం.